బిడ్డ గుండెలో రంధ్రం.. కారణం తల్లేనా? జన్యువుల పాత్ర ఎంత, పరిసరాల పాత్ర ఎంత?

పుట్టిన బిడ్డ గుండెలో రంధ్రం ఉందని డాక్టరు చెప్పగానే ఇంట్లో రెండు ప్రశ్నలు లేస్తాయి. ఆపరేషన్‌కు ఎంత అవుతుంది? అసలు ఇలా ఎందుకైంది? మొదటి ప్రశ్నకు ఆసుపత్రిలో జవాబు దొరుకుతుంది. రెండో ప్రశ్నకు మాత్రం చుట్టాలే జవాబు చెప్పేస్తారు. కడుపుతో ఉండగా గ్రహణం రోజు బయటికి వచ్చిందని ఒకరు, నజర్ తగిలిందని ఇంకొకరు, ఖాలా కొడుక్కి ఇచ్చి చేశారు కాబట్టే అని మరొకరు. ఎవరు ఏం చెప్పినా చివరికి తప్పు తల్లి మీదే పడుతుంది. బాలింత మంచం మీద ఉండగానే ఆమెకు ఈ మాటలన్నీ వినిపిస్తాయి.

వైద్యశాస్త్రం చెప్పే జవాబు ఇంత సులువుగా ఉండదు. పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో ఇదీ కారణం అని కచ్చితంగా చూపించగలిగేది సుమారు 20 నుంచి 30 శాతం కేసుల్లోనే. మిగతావాటిలో చిన్న చిన్న కారణాలు చాలా కలిసి పనిచేస్తాయి. అందులో కొన్ని తల్లి నుంచి రావచ్చు, కొన్ని తండ్రి నుంచి రావచ్చు, కొన్ని ఎవరి నుంచీ రాకుండా కొత్తగానే పుట్టవచ్చు. తెలిసిన కారణాల్లో ముందే అడ్డుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. వాటి గురించి మన ఇళ్లలో మాట్లాడుకునేది చాలా తక్కువ.

ఎంతమందికి వస్తుంది?

ప్రపంచంలో ఎక్కడ చూసినా దాదాపు ఇదే లెక్క. పుట్టే ప్రతి 1000 మందిలో 8 నుంచి 9 మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. అంటే వందలో ఒకరు. మన దేశంలో ఏటా 2 లక్షలకు పైగా పిల్లలు ఇలా పుడుతున్నారని అంచనా. వారిలో దాదాపు ఐదో వంతు మందికి మొదటి ఏడాదిలోనే ఆపరేషన్ లేదా ఇతర చికిత్స అవసరమవుతుంది. అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది గుండె కింది రెండు గదుల మధ్య గోడలో రంధ్రం. దాన్నే డాక్టర్లు వీఎస్‌డీ అంటారు. చిన్నదైతే చాలాసార్లు దానంతట అదే మూసుకుపోతుంది. పెదవులు, గోళ్లు నీలంగా మారే పిల్లల్లో ఎక్కువగా కనిపించే జబ్బు టెట్రాలజీ ఆఫ్ ఫాలో. దానికి ఆపరేషన్ తప్పదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. బడికి వెళ్లే వయసులో గొంతు నొప్పి, కీళ్ల వాపుతో మొదలై వాల్వులను దెబ్బతీసే రుమాటిక్ గుండె జబ్బు వేరు. అది ఇన్ఫెక్షన్ తర్వాత వస్తుంది, పుట్టుకతో కాదు. రెండింటినీ కలిపి మాట్లాడుకోవడం వల్లే సగం గందరగోళం.

గుండె తయారయ్యేది ఎప్పుడు?

ఇది తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. గర్భం నిలిచాక సుమారు 22వ రోజుకే బిడ్డ గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పుడది ఒక చిన్న గొట్టం మాత్రమే. ఆ గొట్టం వంకర తిరిగి, లోపల గోడలు లేచి, నాలుగు గదులుగా విడిపోయి, పెద్ద రక్తనాళాలు రెండుగా చీలి, వాల్వులు ఏర్పడడం అంతా ఎనిమిదో వారానికి దాదాపు పూర్తవుతుంది. నెల తప్పిందని గమనించి, టెస్టు చేసుకుని, ఇంట్లో చెప్పి, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఈ పనిలో చాలా భాగం జరిగిపోయి ఉంటుంది. కాబట్టి మూడో నెలలో మొదలుపెట్టే జాగ్రత్తలు బిడ్డ ఎదుగుదలకు మంచివే గానీ, గుండె గోడల విషయంలో ఆలస్యమే. ఏడో నెలలో వచ్చిన గ్రహణం గుండెలో రంధ్రం చేయలేదు. అప్పటికి ఆ గోడ ఏర్పడి నెలలు గడిచిపోయి ఉంటాయి. మొదటి నెలలో వచ్చిన గ్రహణమైనా అంతే, చంద్రుడి నీడకు ఆ శక్తి లేదు.

జన్యువుల వైపు నుంచి వచ్చేవి

మొదటిది క్రోమోజోముల తేడా. 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉంటే డౌన్ సిండ్రోమ్ వస్తుంది. ఆ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. తల్లి వయసు పెరిగే కొద్దీ డౌన్ సిండ్రోమ్ అవకాశం పెరుగుతుంది, 40 ఏళ్లకు సుమారు వందలో ఒకటి. ఆడపిల్లల్లో ఒక ఎక్స్ క్రోమోజోమ్ లేకపోతే వచ్చే టర్నర్ సిండ్రోమ్‌లో శరీరానికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని ఒకచోట ఇరుకుగా ఉండవచ్చు.

రెండోది, క్రోమోజోమ్ మొత్తం కాకుండా అందులో చిన్న ముక్క లేకపోవడం. 22వ క్రోమోజోమ్‌లో ఇలా జరిగితే డైజార్జ్ సిండ్రోమ్ అంటారు. గుండె లోపంతో పాటు అంగిలి చీలిక, రక్తంలో కాల్షియం తగ్గి ఫిట్స్ రావడం, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు, మాటలు ఆలస్యం కావడం ఉండవచ్చు. విశేషం ఏమిటంటే పది కేసుల్లో తొమ్మిదింటిలో తల్లిలోనూ తండ్రిలోనూ ఈ లోటు ఉండదు. బిడ్డలోనే కొత్తగా వస్తుంది. ఎవరి వంశాన్నీ తప్పుపట్టడానికి అక్కడ ఏమీ లేదు.

మూడోది ఒకే ఒక్క జన్యువులో వచ్చే మార్పు. 1998లో ఎన్‌కేఎక్స్2-5 అనే జన్యువులో మార్పు వల్ల కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా గుండె పై గదుల మధ్య రంధ్రం వస్తోందని పరిశోధకులు కనిపెట్టారు. వారిలో గుండె లయ దెబ్బతినే సమస్య కూడా ఉంది. టీబీఎక్స్5 జన్యువు దెబ్బతింటే గుండెతో పాటు బొటనవేలు, ముంజేయి ఎముకల్లోనూ తేడా ఉంటుంది. ఇలాంటి జబ్బుల్లో తల్లి లేదా తండ్రి, ఒక్కరిలో మార్పు ఉన్నా చాలు, ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం. అదే మార్పు తండ్రిలో బొటనవేలి చిన్న వంకరగా మాత్రమే కనిపించి, కొడుకులో పెద్ద గుండె లోపంగా బయటపడవచ్చు. అందుకే బిడ్డను చూసిన జెనెటిక్స్ డాక్టరు ఒక్కోసారి తండ్రి చేతుల వైపు కూడా చూస్తారు.

తీవ్రమైన గుండె లోపాలున్న పిల్లల జన్యువులను పూర్తిగా చదివినప్పుడు, దాదాపు పది శాతం మందిలో తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులే కారణంగా కనిపించాయి. ఏ ఆధారమూ లేకుండా కోడలి పుట్టింటి వైపు వేలు చూపించే ముందు ఈ అంకె గుర్తు చేసుకోవాలి.

దగ్గరి సంబంధాల సంగతి

మన దగ్గర చాలామంది అడగాలనుకుని అడగలేని ప్రశ్న ఇది. చాచా కూతురు, ఫుఫీ కొడుకు, మామూ కూతురు, ఖాలా కొడుకు మధ్య పెళ్లి మన మతంలో జాయిజ్. జాయిజ్ అంటే చేసుకోవచ్చని, చేసి తీరాలని కాదు. తెలిసిన ఇల్లు, ఆస్తి చేయి దాటదు, అమ్మాయి కళ్లముందే ఉంటుంది అనే ఆలోచనలతో ఈ పెళ్లిళ్లు జరుగుతాయి. ఇది ముస్లింల అలవాటు మాత్రమే అనుకుంటే పొరపాటు. తెలుగు నేలమీద హిందూ కుటుంబాల్లో మేనరికాలు, మేనమామ, మేనకోడలి పెళ్లిళ్లు కూడా పాతవే. మేనమామతో పెళ్లి మనలో హరామ్.

కామర్స్ చదివిన అలవాటు కొద్దీ లెక్కలో చెబుతాను. మనందరి జన్యువుల్లో ఎక్కడో కొన్ని లోపాలు దాగి ఉంటాయి. ప్రతి జన్యువుకూ రెండు కాపీలు ఉంటాయి కాబట్టి ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పిల్లల జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడిగా తాత, నానీల నుంచి వచ్చినవి. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకుంటే, పుట్టే బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి కాపీలే అయ్యే అవకాశం 16లో 1. ఆ కాపీ చెడ్డదైతే పని నడిపించడానికి రెండోది ఉండదు. మేనమామ, మేనకోడలి పెళ్లిలో ఇది 8లో 1.

మనలో ఎవరూ లెక్కలోకి తీసుకోనిది కుండ మార్పిడి. ఇద్దరు అన్నాచెల్లెళ్లను మరో ఇంటి అన్నాచెల్లెళ్లకు ఇచ్చి చేశారనుకోండి. ఆ రెండు జంటల పిల్లలకు తాతలు, దాదీలు, నానీలు అందరూ ఒకరే. ఆ పిల్లల మధ్య మళ్లీ పెళ్లి జరిగితే లెక్క 8లో 1కి చేరుతుంది. పేరుకు కజిన్ పెళ్లే, జన్యువుల లెక్కలో మాత్రం మేనమామ పెళ్లితో సమానం. మూడు తరాలుగా ఇదే పద్ధతి నడిచిన ఇళ్లలో ఇంకా పెరుగుతుంది.

దీని ప్రభావం ఎంత? ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో 11 వేలకు పైగా పిల్లలను గమనించి 2013లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం దీనికి మంచి ఆధారం. అక్కడి పాకిస్తానీ మూలాలున్న కుటుంబాల్లో 37 శాతం మంది తల్లిదండ్రులు ఫస్ట్ కజిన్లు. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఏదో ఒక పుట్టుక లోపంతో బిడ్డ పుట్టే అవకాశం 3 శాతం నుంచి 6 శాతానికి పెరిగింది. ఇది అన్ని రకాల లోపాలకూ కలిపి చెప్పిన లెక్క, గుండెకు మాత్రమే కాదు. పేదరికం వల్ల అలా జరిగిందన్న వాదన ఆ లెక్కల్లో నిలబడలేదు. 34 ఏళ్లు దాటిన తెల్లజాతి బ్రిటిష్ తల్లుల్లోనూ ముప్పు ఇలాగే రెట్టింపైంది. కాబట్టి ఒక్క కమ్యూనిటీని వేలెత్తి చూపడానికి ఈ అధ్యయనం పనికిరాదు.

రెట్టింపు అనే మాట వినగానే గుండె ఆగినంత పనవుతుంది. కానీ 100 కజిన్ జంటల్లో 94 జంటల బిడ్డలు ఏ లోపమూ లేకుండానే పుడతారు. అలాగని 3కీ 6కీ మధ్య తేడా చిన్నదేమీ కాదు. కొన్ని వేల పెళ్లిళ్లలో అది ఎన్ని పడకలు, ఎన్ని ఆపరేషన్లు అవుతుందో లెక్క వేసుకోవచ్చు.

గుండె లోపాలన్నీ దగ్గరి పెళ్లిళ్లతో ఒకే రకంగా ముడిపడి లేవు. సౌదీ అరేబియాలో గుండె జబ్బు పిల్లల మీద చేసి 2001లో ప్రచురించిన అధ్యయనంలో గోడల్లో రంధ్రాలు, ఊపిరితిత్తులకు వెళ్లే నాళం వాల్వు సమస్యలు కజిన్ల పిల్లల్లో ఎక్కువగా కనిపించాయి. టెట్రాలజీ ఆఫ్ ఫాలోలో అలాంటి సంబంధం కనిపించలేదు. అంటే కజిన్ పెళ్లి జరిగిన ఇంట్లో పుట్టిన ప్రతి గుండె లోపానికీ ఆ పెళ్లే కారణమనడం కూడా తప్పే.

సౌదీలో 2004 నుంచి అక్కడి పౌరులకు పెళ్లికి ముందు రక్తపరీక్ష తప్పనిసరి. గల్ఫ్‌లో ఉద్యోగం చేసే మనవాళ్లకు ఇది తెలిసిన విషయమే. అయితే అలాంటి పరీక్షలు తలసేమియా, సికిల్ సెల్ లాంటి రక్త జబ్బులను పట్టుకుంటాయి. గుండె లోపం వస్తుందో రాదో ముందే చెప్పే మామూలు రక్తపరీక్ష ఏదీ లేదు. ల్యాబ్ వాళ్లు ప్యాకేజీ పేరుతో అలా చెబితే నమ్మకండి. రిష్తా మాట్లాడేటప్పుడు రెండు వైపులా చిన్నప్పుడే చనిపోయిన పిల్లలు, గుండె ఆపరేషన్ అయినవాళ్లు, పుట్టుకతో చెవుడు ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగడం దానికంటే ఎక్కువ ఉపయోగం. జహేజ్ గురించి గంటలు గంటలు మాట్లాడే చోట ఈ ప్రశ్నకు ఐదు నిమిషాలు చాలు.

పరిసరాల వైపు నుంచి వచ్చేవి

వీటిలో అన్నింటికంటే స్పష్టమైనది రుబెల్లా. దీన్నే జర్మన్ తట్టు అంటారు. 1941లో ఆస్ట్రేలియా కంటి డాక్టర్ నార్మన్ గ్రెగ్ దగ్గరికి కళ్లలో శుక్లాలతో పుట్టిన పిల్లలు వరసగా వచ్చారు. వారిలో చాలామందికి గుండె లోపాలూ ఉన్నాయి. ఆరా తీస్తే తల్లులకు గర్భం మొదట్లో రుబెల్లా వచ్చిందని తేలింది. తల్లికి రెండు మూడు రోజుల జ్వరం, ఒంటి మీద సన్నని దద్దులు, అంతే. కడుపులో బిడ్డకు మాత్రం కళ్లు, చెవులు, గుండె మూడూ దెబ్బతినవచ్చు. పుట్టాక మూసుకుపోవాల్సిన రక్తనాళం తెరిచే ఉండిపోయే పీడీఏ, ఊపిరితిత్తుల నాళాలు ఇరుకవడం ఈ పిల్లల్లో ఎక్కువ.

దీనికి టీకా ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2017 ఆగస్టులో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఎంఆర్ టీకా క్యాంపెయిన్ జరిగింది. అప్పుడు వాట్సాప్‌లో తిరిగిన పుకార్లు, పిల్లలకు ముందు ముందు సంతానం కలగదన్న భయం కొందరికి ఇంకా గుర్తుండే ఉంటాయి. అవన్నీ అబద్ధాలు. ఇప్పుడు అసలు సమస్య వేరు. ఆ రోజు 15 దాటిన అమ్మాయిలకు ఆ క్యాంపెయిన్ వర్తించలేదు. వాళ్లే ఇప్పుడు పెళ్లిళ్లు అయి, అవుతూ, తల్లులవుతున్న వయసులో ఉన్నారు. పాత టీకా కార్డు ఉంటే చూసుకోండి. లేకపోతే రుబెల్లా ఐజీజీ రక్తపరీక్షతో రక్షణ ఉందో లేదో తెలుస్తుంది. టీకా వేసుకున్నాక ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి, గర్భంతో ఉండగా వేయరు. అందుకే దీనికి సరైన సమయం నిఖాకు ముందే.

రెండోది షుగర్. గర్భం రాకముందు నుంచే షుగర్ ఉండి, అది అదుపులో లేకపోతే బిడ్డకు గుండె లోపం వచ్చే అవకాశం మూడు నుంచి ఐదు రెట్లు పెరుగుతుంది. అంటే వందలో ఒకటి కాస్తా మూడు నుంచి ఐదు అవుతుంది. మొదటి ఎనిమిది వారాల్లో రక్తంలో ఎక్కువగా ఉన్న చక్కెర ఆ గొట్టం మలుపు తిరిగే పనిని చెడగొడుతుంది. ఆరో నెలలో బయటపడే గర్భిణుల షుగర్ వేరు. దానివల్ల గుండె గోడ దళసరి కావచ్చు, అది చాలావరకు పుట్టాక తగ్గిపోతుంది. మన ఇళ్లలో పాతికేళ్లకే షుగర్ వస్తున్న అమ్మాయిలు తక్కువేం కాదు. వాళ్లు బిడ్డ గురించి ఆలోచించేటప్పుడు హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని, దాన్ని 6.5 లోపుకి తెచ్చుకోవడం మంచిదని డాక్టర్లు చెబుతారు.

మూడోది మందులు. ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్, మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్, మానసిక సమస్యలకు ఇచ్చే లిథియం, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, కొన్ని బీపీ మందులు గర్భంలో బిడ్డకు హాని చేయగలవు. ఇది చదివి వెంటనే మందు ఆపేయడం ఇంకా ప్రమాదం. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే తల్లి ప్రాణానికే ముప్పు. గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. ఇక మగబిడ్డ పుట్టడానికి అని చాటుగా ఇచ్చే పుడకలు, పొడులు. హర్యానాలో జరిగిన అధ్యయనాల్లో ఇలాంటివి తీసుకున్న తల్లుల బిడ్డల్లో పుట్టుక లోపాలు ఎక్కువగా కనిపించాయి. బిడ్డ ఆడో మగో గర్భం నిలిచిన క్షణంలోనే, అదీ తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్‌ను బట్టి, తేలిపోతుంది. నెల తప్పాక తినిపించే మందు దాన్ని మార్చలేదు, చెడగొట్టడం మాత్రం చేయగలదు.

పొగ గురించి అందరికీ తెలుసు కాబట్టి ఒక్క మాట. తల్లి తాగకపోయినా ఇంట్లో మగవాళ్ల సిగరెట్, హుక్కా పొగ ఆమె పీలుస్తుంది. పరిశోధనలు దాన్ని కూడా గుండె లోపాలతో ముడిపెట్టాయి. మద్యం కూడా ఈ జాబితాలోదే.

ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం ఒక నెల ముందు నుంచి మొదలుపెట్టాలి. వెన్నుపాము లోపాలను ఇది తగ్గిస్తుందని గట్టి రుజువుంది. గుండె విషయంలో రుజువు అంత గట్టిగా లేదు, కొన్ని అధ్యయనాల్లో మేలు కనిపించింది. ధర చూస్తే వాదించాల్సిన అవసరం లేని మందు.

రెండో బిడ్డ సంగతేంటి?

ఒక బిడ్డకు గుండె లోపం ఉండి, ప్రత్యేకమైన జన్యు కారణం ఏదీ బయటపడకపోతే, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సుమారు 2 నుంచి 3 శాతం. మామూలు కంటే ఎక్కువే గానీ, 97 శాతం మేర రాదు. ఇద్దరు పిల్లలకు వచ్చి ఉంటే, లేదా తల్లికే చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయి ఉంటే ఈ శాతం పెరుగుతుంది. 22వ క్రోమోజోమ్ ముక్క లాంటిది తల్లిదండ్రుల్లో ఒకరికి ఉందని తేలితే లెక్క పూర్తిగా మారి 50 శాతానికి వెళ్తుంది. కాబట్టి రెండో కాన్పు గురించి చుట్టాల సలహా కంటే మొదటి బిడ్డ రిపోర్టు ముఖ్యం.

హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీ, బేగంపేటలోని ఉస్మానియా యూనివర్సిటీ జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఈ రంగంలో పనిచేస్తున్నాయి. గుండె లోపం ఉన్న ప్రతి బిడ్డకూ జన్యు పరీక్ష అవసరం లేదు. గుండెతో పాటు ముఖం, వేళ్లు, అంగిలి, కిడ్నీల్లో తేడా ఉన్నా, ఎదుగుదల ఆలస్యమైనా, ఇంట్లో మరొకరికి ఇలాగే ఉన్నా అడిగి చేయించుకోవాలి. వెళ్లేటప్పుడు ఎకో రిపోర్టులు, తల్లి వాడిన మందుల చీటీలు, రెండు వైపులా మూడు తరాల వివరాలు రాసిన కాగితం తీసుకెళ్లండి. పెళ్లికి ముందు చుట్టరికం ఉంటే దాచకుండా చెప్పండి, అక్కడ ఎవరూ మీ మీద తీర్పు చెప్పరు.

తర్వాతి గర్భంలో ఐదో నెలలో చేసే టిఫా స్కాన్‌తో సరిపెట్టుకోకుండా, 18 నుంచి 24 వారాల మధ్య ఫీటల్ ఎకో చేయించాలి. అది బిడ్డ గుండెను మాత్రమే చూసే స్కాన్. పెద్ద లోపం ముందే తెలిస్తే గుండె సర్జన్ ఉన్న చోటే కాన్పు పెట్టుకోవచ్చు. పుట్టిన బిడ్డ పాలు తాగుతూ మాటిమాటికీ ఆగిపోయి చెమటలు పడుతున్నా, బరువు పెరగకపోయినా, ఏడ్చినప్పుడు నీలంగా మారుతున్నా ఆలస్యం చేయొద్దు. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు, అక్కడి నుంచే పెద్దాసుపత్రికి పంపిస్తారు. పిల్లల గుండె ఆపరేషన్లు తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ప్రస్తుతం ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కింద ఉన్నాయి. తిరుపతిలో 2021 అక్టోబరులో మొదలైన శ్రీ పద్మావతి పిల్లల గుండె ఆసుపత్రి ఇందుకోసమే పెట్టింది. ఆధార్, రేషన్ కార్డు, ఎకో రిపోర్టుతో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళితే పథకం వర్తిస్తుందో లేదో అక్కడే చూసి చెబుతారు.